దించేటప్పుడు ఆరిపోయే తెర

నాకు కంగారు పుట్టుకతోనే వచ్చిందని మా అక్క అంటుంది. కాదనలేను. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చి చూసుకునే రకాన్ని. బస్సెక్కాక పర్సు తడుముకుంటాను, దిగాక మళ్లీ తడుముకుంటాను. అలాంటివాణ్ణి, బతుకుతెరువుగా ఉన్న ఒక్క కంప్యూటర్‌ను దాని శక్తికి మించి పరిగెత్తించే పని ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఆ ఎండాకాలమంతా ఇంట్లో ఎవరికీ సరిగా అన్నం సయించలేదు.

మాది జాలరిపేట. కింద అక్కా బావా ఉంటారు, మేడమీది గదిలో నేనుంటాను. దువ్వాడ వైపు కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లకు బొమ్మలు చేయడం నా పని. పునాది కూడా తీయని భవనాన్ని బాల్కనీలో పూలకుండీలతో సహా కంప్యూటర్లో కట్టి, గదుల్లో నడుస్తున్నట్టు వీడియో తీసి బిల్డర్‌కి ఇస్తాను. ఈ పనికి తెరమీది బొమ్మల్ని గీసిపెట్టే గట్టి గ్రాఫిక్స్ కార్డు కావాలి. నా దగ్గరున్నది ఎవరో ఆటలాడి ఆడి వదిలేసిన పాత కార్డు. దానికి కంపెనీవాళ్లు పెట్టిన వేగం ఒకటుంటుంది. సాఫ్ట్‌వేర్లో ఒక మీటను కుడివైపు జరిపితే అంతకన్నా వేగంగా నడుస్తుంది. దీన్నే ఓవర్‌క్లాక్ అంటారు. జరిపేకొద్దీ పని తొందరగా అవుతుంది, కార్డు వేడెక్కుతుంది, హద్దు దాటితే చేతులెత్తేస్తుంది. ఆ హద్దు ఎక్కడుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. నాలాంటి పిరికివాడికి ఇది తగిన వ్యవహారం కాదు.

మా బావ మరపడవ మీద డ్రైవరు. వేటకు పోతే రోజుల తరబడి నీళ్లమీదే. మాట తక్కువ మనిషి. నేను ఆయన్ని బావా అంటాను, ఆయనా నన్ను బావా అనే అంటాడు. ఒడ్డున ఉన్నప్పుడు మాత్రం చేతులు ఊరుకోవు. సముద్రం పక్కన ఉప్పుగాలి ఇనుమన్నదాన్ని బతకనివ్వదు కాబట్టి గేటు బందులు, ట్రంకుపెట్టె గొళ్లెం, సైకిల్ చైను, అక్క కుట్టుమిషన్ చక్రం అన్నీ ఆయనే చూసుకుంటాడు. నాన్న ఉన్న రోజుల్లో ఆ పని నాన్నది. ఆయన పోయాక బావ అందుకున్నాడు. చేశానని చెప్పడు, చేయనా అని అడగడు. మాకూ అది చెప్పుకునే విషయంగా ఎప్పుడూ తోచలేదు.

అంతకుముందు చలికాలంలో నడిసముద్రంలో వాళ్ల పడవ ఇంజను ఆగిపోయింది. ఫోన్లు అందలేదు. కొట్టుకుపోయి కొట్టుకుపోయి, చివరికి ఇంకో పడవ తాడు కట్టి లాక్కొస్తే బతికి బయటపడ్డారు. ఆ రోజులన్నీ అక్క ఒడ్డునే కూర్చుంది. మేము ఎంత చెప్పినా ఇంటికి రాలేదు, ముద్ద ముట్టలేదు. ఆయన దిగి వచ్చాక ఏడవలేదు కూడా. ఇంటికొచ్చి, తలుపు వేసి, నా ఎదురుగానే అంది:

"ఇంక నువ్వు బోటెక్కితే నా సావు సూత్తావ్ మావా. నీ ఇట్టం."

బావ తల దించుకుని "సర్లే" అన్నాడు. కానీ సముద్రం తప్ప ఇంకోటి తెలియని మనిషి ఒడ్డున ఏం చేస్తాడు? అప్పుడే ఎవరో చెప్పారు, పోర్టులో ఓడలమీంచి కంటైనర్లు దించే క్రేన్ల మీద నేర్చుకునేవాళ్లను తీసుకుంటున్నారని. పెద్ద చదువు అక్కర్లేదట, చెయ్యి నిలకడగా ఉంటే చాలట. పరీక్ష మాత్రం నిజమైన క్రేన్ మీద కాదు, కంప్యూటర్ క్రేన్ మీద. కుర్చీలో కూర్చుని, రెండు చేతులకూ రెండు కర్రల్లాంటి మీటలు పట్టుకుని, తెరమీది ఓడలోంచి పెట్టెను ఎత్తి తెరమీది లారీ మీద దించాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పెట్టే వేట నిషేధం నడుస్తున్న రోజులవి, పడవలన్నీ హార్బరులో కట్టేసి ఉన్నాయి. నిషేధం ముగిసే ముందే పరీక్ష. పాసైతే పోర్టు. తప్పితే మళ్లీ బోటు. అక్కకు తెలుసు, బావకు తెలుసు, నాకూ తెలుసు. పైకి ఎవరూ అనలేదు.

అలాంటి క్రేన్ ప్రోగ్రామే ఒకటి నా కంప్యూటర్లో ఎక్కించాను. బావ పాత పడవ చెక్కతో కుర్చీ చేశాడు, దాని రెండు చేతులకూ మీటలు బిగించాం. మొదటి రోజు అక్క కూడా పైకి వచ్చి చూసింది.

"ఓలమ్మ, ఇదేటి? పరీచ్చంటే ఆటేటి?"

"ఆట కాదే. సూడు, ఆ పెట్టెలో మనిల్లంతా పట్టేత్తాది" అన్నాడు బావ. పెట్టె ఊగుతూ వెళ్లి లారీ పక్కన నేలను గుద్దింది. అక్క నవ్వింది. ఆ చలికాలం తర్వాత ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. రెండు మూడు రోజుల్లో బావ చెయ్యి కుదుటపడింది. అలల మీద ఊగే పడవను అన్నేళ్లు నడిపినవాడికి, తాడు చివర ఊగే పెట్టెను మచ్చిక చేసుకోవడం ఎంతసేపు? ఒక సాయంత్రం వరసపెట్టి ప్రతి పెట్టెనూ లారీ మీద పువ్వులా పెట్టాడు. నాకు ఒళ్లు పులకరించింది.

కాకపోతే బొమ్మ కొంచెం తడబడుతోంది. ఆయన మీట కదిపిన తర్వాత ఒక్క త్రుటి ఆగి తెర కదులుతోంది. పరీక్షలో యంత్రం నున్నగా నడుస్తుంది, ఇక్కడ ఈ తడబాటుకు అలవాటుపడితే అక్కడ దెబ్బతింటాడేమోనని నాకు భయం పట్టుకుంది. అందుకే కార్డు వేగం ఇంకాస్త పెంచాను. బొమ్మ వెన్నలా నడిచింది. ఆ మర్నాడు బిల్డర్‌కి వీడియో చూపించడానికి దువ్వాడ వెళ్లి, పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాను. గది తుడిచి ఉంది, వైర్లు చక్కగా కట్టి ఉన్నాయి, కంప్యూటర్ పెట్టె మీద దుమ్ము లేదు. బావ పనే అనుకుని సంతోషించాను.

మరో రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో నాడు మధ్యాహ్నం, బావ పెట్టెను లారీకి జానెడు ఎత్తుదాకా దింపాడు. టప్పున తెర నల్లబడింది. ఫ్యాన్లు మాత్రం గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

బావ రెండు చేతులూ మీటల మీంచి పైకి లేపేశాడు. "నానేటైనా నొక్కేసానా?"

"నువ్వు కాదు బావా. ఎండకి వేడెక్కింది, అంతే" అన్నాను. మళ్లీ ఆన్ చేశాను. ఎత్తాడు, తిప్పాడు, దించాడు. అదే ఎత్తులో, అదే నలుపు.

కార్డు అక్కడే ఎందుకు పోతోందో నాకు తెలుసు. పెట్టె పైన ఉన్నంతసేపూ తెరమీద ఆకాశం, నీళ్లు. కిందికి వచ్చేసరికి ఓడ పక్క, లారీ, మనుషులు, వాటన్నిటి నీడలు ఒక్కసారిగా గీయాలి. కార్డుకు అన్నిటికన్నా బరువైన పని అదే. ఇదంతా బావకు విడమరిచి చెప్పాను. ఆయన తల ఊపాడు. కానీ తల ఊపేది బుర్ర, మీట పట్టుకునేది చెయ్యి. నాలుగైదుసార్లు అయ్యేసరికి పెట్టె కిందికి వస్తుంటే ఆయన ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టాడు. మెడ నరాలు బిగుసుకునేవి. జానెడు ఎత్తులో చెయ్యి దానంతటదే ఆగిపోయేది. ఆగినప్పుడు పెట్టె ఊగేది, ఊగితే గుద్దేది. తెర నల్లబడని సార్లు కూడా ఇప్పుడు ఆయనకు పెట్టె కుదురుగా దిగడం లేదు. నేర్పుదామని కూర్చోబెట్టినవాడికి నా కంప్యూటర్ భయం నేర్పుతోంది.

వేగం ఎక్కువైందని ఖాయం చేసుకున్నాను. బావను పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చూస్తుండగానే సాఫ్ట్‌వేర్లో వేగం మీటను కొంచెం ఎడమకు జరిపాను. "ఇగో, తగ్గించాను. ఇప్పుడు పట్టు." పట్టాడు. ఆరిపోయింది. ఇంకా తగ్గించాను. ఆరిపోయింది. చివరికి కంపెనీ ఇచ్చిన వేగానికే తెచ్చేశాను. ఆ పూట హాయిగా నడిచింది. అమ్మయ్య అనుకున్నాను. సాయంత్రం మళ్లీ టప్. ఈసారి మీటను కంపెనీ వేగం కన్నా కిందికి లాగాను. బొమ్మ నత్తలా పాకింది. పాకి పాకి అక్కడికే వచ్చి నల్లబడింది.

ఓవర్‌క్లాక్ తప్పయితే తగ్గిస్తే పోవాలి. పోలేదంటే తప్పు ఇంకెక్కడో ఉంది. కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేశాను, పాతది వేశాను, మళ్లీ కొత్తది వేశాను. కంప్యూటర్ పెట్టె మూత తీసి పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాను. ఆ గాలికి గోడమీది క్యాలెండర్ చిరిగింది గానీ తెర బాగుపడలేదు. కరెంటు హెచ్చుతగ్గులేమోనని అక్క ఫ్రిజ్జు ప్లగ్గు తీయించి తిట్లు తిన్నాను. ఇంటర్నెట్‌లో తెలిసినవాళ్లను అడిగితే ఒకడు కార్డు పోయిందన్నాడు, ఒకడు పవర్ సప్లయ్ పోయిందన్నాడు, ఇంకొకడు ఇంత పాత కార్డు ఇంకా వాడుతున్నావా అని నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. కార్డును ఊడదీసి చూడమని అందరూ చెప్పారు. అదొక్కటే నేను చేయలేదు. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కెం ఎప్పుడో పెళుసెక్కి ఉంది. కదిపితే విరుగుతుంది, విరిగితే ఉన్నదీ పోతుంది. కొన ఊపిరితో ఉన్నదాన్ని కదపడానికి నాకు ధైర్యం చాలలేదు.

కొత్త కార్డు కొనేద్దామని ద్వారకానగర్‌లో నాకు అలవాటైన షాపుకు వెళ్లాను. షాపతను ఓపిగ్గా విన్నాడు.

"కొత్త కార్డు ఏద్దాం గురూ, దానికేటి. కానీ నీ పవర్ సప్లయ్ దాన్ని లాగదు. అది మార్సాలి. కార్డు పొడుగెక్కువ, నీ పెట్టెలో దూరదు. పెట్టె మార్సాలి. ఇంత మార్సాక ఆ పాత బోర్డేటి సేత్తావ్, అదీ మార్సెయ్."

"అంటే నా దాంట్లో మిగిలేది ఏటి?"

"మౌసు" అన్నాడు. నవ్వలేకపోయాను. పోనీ ఏదో ఒకటి మార్చేద్దామన్నా, అడిగిన కార్డు ఊళ్లో లేదట. తెప్పించాలి. వచ్చేసరికి పరీక్ష అయిపోతుంది. తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తే హార్బరు వైపు పడవలకు రంగులు వేస్తున్నారు. నిషేధం ముగింపుకొచ్చినప్పుడే ఆ రంగులు వేస్తారు.

ఇంటికొచ్చేసరికి అక్క మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో బావ ఫోను. మోగుతోంది, ఆమె ఎత్తడం లేదు.

"బోటు ఓనరు. పొద్దున్నించి సేత్తన్నాడు. డ్రైవర్నొదులుకోలేనంటన్నాడు" అంది. మోగడం ఆగాక నా మొహంలోకి చూసింది. "ఒరే తమ్ముడూ, నాకు దాయకుండా సెప్పు. తప్పు నీ పెట్టెదా, ఆయన సేతిదా?"

"పెట్టెదే అక్కా."

"మరి పెట్టె ఆరిపోనప్పుడు కూడా ఆయన సెయ్యి ఎందుకాగిపోతంది?"

ఆమె ఫోను కొంగులో ముడేసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను మెట్ల మీదే కూలబడ్డాను. ఆమె ఒడ్డున కూర్చున్న రోజులు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను కూడా.

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం బావ వల అల్లేవాళ్ల దగ్గరికి వెళ్లాడు. నాకు చెప్పలేదు గానీ, ఆ కుర్చీ నుంచి తప్పించుకోవడానికే వెళ్లాడని తెలిసింది. ఇక పోయేదేముందని తలుపు గడియ పెట్టి, కంప్యూటర్ పెట్టె విప్పాను. కొక్కెం మీద వేలు పెట్టి, దేవుడా అనుకుని నొక్కాను. విరగలేదు. కార్డును మెల్లగా లాగాను. ఊడి వచ్చే తీరులో ఏదో తేడా ఉంది. బిర్రుగా రావాల్సింది జారుతూ వచ్చింది.

కార్డు అంచున బంగారు రంగు పళ్ల వరస ఒకటి ఉంటుంది. కార్డు కూర్చునే బోర్డుకీ కార్డుకీ మాటలన్నీ ఆ పళ్ల ద్వారానే నడుస్తాయి. అవి తళతళలాడాలి. నా కార్డు పళ్లమీద జిగురుగా, పల్చగా ఒక పూత ఉంది. దానికి పోర్టు వైపునుంచి గాల్లో వచ్చే నల్లటి బొగ్గుపొడి అంటుకుని బూడిదరంగు మడ్డి కట్టింది. వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఆ వాసన నాకు తెలియకపోవడమేమిటి? దాంట్లోనే పుట్టాను. మెట్ల కింద డబ్బాలో ఉండే పసుప్పచ్చ గ్రీజు వాసన అది. నాన్న చేతులకు ఉండే వాసన, బావ చేతులకు ఉండే వాసన.

నేను దువ్వాడ వెళ్లిన రోజు కళ్లకు కట్టింది. వైర్లు సర్దుతూ పెట్టె విప్పి ఉంటాడు. వెనకవైపు స్క్రూలకు పట్టిన తుప్పు చూసి ఉంటాడు. ఉప్పుగాలి నా కార్డునూ తినేస్తుందని, తన ఇంజను వైర్ల కొసలు తుడిచినట్టే శుభ్రంగా తుడిచి, వేలితో పల్చగా గ్రీజు పట్టించి, మళ్లీ పెట్టేసి ఉంటాడు. చేశానని చెప్పలేదు. ఎప్పుడు చెప్పాడు గనక! కార్డు చల్లగా ఉన్నంతసేపూ ఎలాగో నడిచింది. వేడెక్కి గ్రీజు కరిగి, దుమ్ముతో కలిసి పళ్ల సందుల్లోకి పాకినకొద్దీ మాట తెగిపోతూ వచ్చింది. నేనేమో వేగాన్ని అనుమానించి మీటను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను.

నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. పాత బనీను చింపి, స్పిరిట్ పోసి, ఒక్కొక్క పన్నూ తుడిచాను. బోర్డు మీది గాడిలో బ్రష్షుతో గీరాను. నల్లబడిన బనీను ముక్కను చెత్తబుట్టలో పారేశాను. కార్డు పెట్టి ఆన్ చేసి, క్రేన్ నేనే నడిపాను. పెట్టెను దించాను, మళ్లీ దించాను, వేగం పెంచి దించాను. తెర చెక్కుచెదరలేదు.

బావ వచ్చేలోపు ఒక్కటే ఆలోచన. చెప్పాలా, వద్దా? ఇప్పటికే తన చేతి మీద నమ్మకం పోయిన మనిషి. రేపు పొద్దున్నే పరీక్ష. ఈ నలుపంతా నీ చేతి గ్రీజు వల్లే బావా అంటే, ఆ చెయ్యి రేపు మీట పట్టుకుంటుందా? చెప్పకూడదనుకున్నాను. ఆయన మెట్లెక్కి రాగానే, మొహం చాటేసి అన్నాను:

"దొరికిపోనాది బావా. నానే ఎదవని. ఆ ఓవర్‌క్లాకే. మొత్తం తీసేసాను. ఇంక ఆరిపోదు."

బావ నా వైపు కాసేపు చూశాడు. "ఓహో" అన్నాడు. కుర్చీలో కూర్చుని నడిపాడు. తెర ఆరిపోలేదు. కానీ జానెడు ఎత్తులో ఆయన చెయ్యి ఆగుతూనే ఉంది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఎందుకు నమ్మలేదో మాత్రం నాకు తట్టలేదు. మూడు నాలుగుసార్లు దించి, "సాల్లే బావా" అని లేచి వెళ్లిపోయాడు.

పరీక్ష రోజు పొద్దున్న ఇంట్లో అంతా హడావిడి. వీధిలో చెత్తబండి పాట వినిపించింది, ఎవరూ కదల్లేదు. రోజూ ఆ పాట వినగానే పైకి వచ్చి నా బుట్ట పట్టుకుపోయే అక్క, దేవుడి పటం ముందు నిలబడి ఉంది. బావ చొక్కా వేసుకుని దిగులుగా గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి ఆగినట్టు అనిపించింది. ఇంతలో అక్క కేకేసింది: "మావా, హాల్ టిక్కెట్టేదీ? పైన ఉండిపోనాదేమో, బేగెల్లి తెచ్చుకో." బావ పైకి వెళ్లాడు. కాగితం తేవడానికి పట్టే సమయం కన్నా ఎక్కువే పట్టింది. దిగి వచ్చేటప్పుడు మెట్లు గబగబా దిగాడు. "పదండి" అన్నాడు.

శిక్షణ కేంద్రం గేటు ఎదుట టీ బడ్డీ దగ్గర నేనూ అక్కా నిలబడ్డాం. టీ చల్లారిపోయినా ఇద్దరం గ్లాసులు అలాగే పట్టుకున్నాం. లోపలికి వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు, మొహాలు వేలాడేసుకుని కొందరు, ఫోనులో అరుస్తూ కొందరు. బావ రావడం లేదు. తెర నల్లబడిందేమోనని నాకు పిచ్చి అనుమానం. వాళ్ల యంత్రం ఎందుకు నల్లబడుతుందిరా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అక్క నా ముంజేయి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

బావ బయటికి వచ్చి, రోడ్డు దాటి, అక్క చేతిలోని చల్లారిన టీ తీసుకుని తాగాడు. "తీసుకున్నారే" అన్నాడు.

అక్క కొంగు ముడి విప్పి ఫోను తీసింది. బోటు ఓనరుకు తనే ఫోన్ చేసింది. "అన్నయ్యా, మాయన రాడు. ఇంక రాడు" అని పెట్టేసింది. తర్వాత అక్కడే, రోడ్డు పక్కన, లారీలు పోతుంటే, బావురుమని ఏడ్చింది. ఆ చలికాలం ఏడవనిదంతా ఇప్పుడు ఏడ్చిందనుకుంటాను.

వానాకాలం వెళ్లాక కొత్త కార్డు కొన్నాను. షాపతను చెప్పినంత పనీ అయింది, మౌసు తప్ప అన్నీ మారాయి. బావ డ్యూటీ దిగి నీలం చొక్కాతోనే పైకి వచ్చాడు. కార్డు ఆయన చేతికి ఇవ్వబోయాను.

"నువ్వే పెట్టు బావా. నీ సెయ్యి మంచిది."

ఆయన రెండు చేతులూ వీపు వెనక పెట్టుకున్నాడు. "నానా? ముట్టుకోను బావోయ్. నా సేతికి గ్రీజుంటాది" అని నవ్వాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పరీచ్చ నాడు పొద్దున్నే. కాయితం కోసం పైకొచ్చాను కదా. నీ సెత్తబుట్టలో బనీను ముక్క సూసాను. ముక్కు దగ్గరెట్టుకున్నాను. మన డబ్బా వాసన నాకు తెల్దా?"

"అయ్యో బావా. ఆ పూట అది తెలిసి ఎంత బాధపడ్డావో!"

"బాదేటి? పానం లేసొచ్చింది" అన్నాడు. కుర్చీ చేతిమీద కూర్చున్నాడు. ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. "ముందురోజు నువ్వు ఓవర్‌క్లాకన్నావ్. ఆ మీట అడుక్కంటా లాగేసినా ఆరిపోనాది, నాను నీ పక్కనే కూకుని సూసాను కదా. మరి బావ అబద్దం ఎందుకు సెప్తన్నాడు? నా సెయ్యే మంచిది కాదు, మొకం మీద అనలేక ఇలగంటన్నాడు అనుకున్నాను. ఆ రేత్తిరంతా అదే. పొద్దున్న గుమ్మంలో నిలబడి మీ అక్కకి సెప్పేద్దావనుకున్నాను, నాను పరీచ్చకి రాను, బోటెక్కేత్తానని. నోటిదాకా వచ్చింది. ఇంతలో అది కాయితం తెమ్మంది."

నేను కార్డును బల్లమీద పెట్టేశాను.

"ఆ గుడ్డ సూసాక తెలిసింది. తప్పు దించడంలో నేదు, పూయడంలో ఉంది. పూసింది తుడిసేత్తే పోద్ది కదా. భయం అక్కడే పోనాది" అన్నాడు. నా భుజం తట్టి లేచాడు. "నువ్వు మంచోడివే గానీ బావా, ఇంకోసారి నిజం సెప్పి తిట్టేయ్. పర్లేదు."

ఆయన దిగి వెళ్లాక కార్డు బిగించాను, ఆన్ చేశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఓవర్‌క్లాక్ జోలికి పోలేదు. కుర్చీలో కూర్చున్నానే గానీ నా కళ్లు బుట్ట మీదే ఉన్నాయి. ఇంట్లో చెత్త నిలవ ఉంచనివ్వని మనిషిని నేను. అక్క మరిచిపోతే నేనే పట్టుకుని బండి వెంట పరిగెత్తుతాను. ఆ పరీక్ష పొద్దున్న ఒక్కరోజే మరిచిపోయాను, అందుకే ఆ గుడ్డ బావ వచ్చేదాకా బుట్టలోనే ఉంది.